ఫారం 5 చెక్ రైడ్: జీతం లేని పైలట్లకు ఇంత పట్టింపు అవసరమా?

నకిరేకల్_టు_డాలస్:
అందరికీ నమస్తే. నేను టెక్సస్‌లో సివిల్ ఎయిర్ పెట్రోల్ మెంబర్‌ని. తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. ఇది అమెరికా వైమానిక దళానికి అనుబంధంగా ఉండే వాలంటీర్ సంస్థ. 1941 డిసెంబర్ 1న మొదలైంది. తప్పిపోయిన విమానాల్ని వెతకడం, వరదలొస్తే పైనుంచి ఫొటోలు తీసివ్వడం, పన్నెండేళ్లు నిండిన పిల్లల్ని క్యాడెట్లుగా చేర్చుకుని ఎగరడం అంటే ఏంటో చూపించడం, ఇవీ పనులు. జీతం లేదు. గ్రీన్ కార్డు ఉంటే చేరొచ్చు, నేనూ అట్లా చేరినవాణ్ణే.

వచ్చే నెల నాకు ఫారం 5 ఉంది. ఏడాదికోసారి చెక్ పైలట్ పక్క సీట్లో కూర్చుని మన నడపడం చూసే పరీక్ష. లైసెన్స్ ఇచ్చిన ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్లే రెండేళ్లకోసారి గంట పాఠం, గంట ఫ్లైట్ అయితే చాలంటారు. వీళ్లకు మాత్రం ప్రతి ఏడూ కావాలి. దానికి ముందు నిబంధనల మీద పరీక్ష, విమానం మీద ప్రశ్నపత్రం. పోయినసారి సెస్నా 172 మీద ఇచ్చాను, ఈసారి 182, అదీ జీ1000 స్క్రీన్లతో.

మొన్న మా దగ్గర ముప్పై ఏళ్లుగా ఎగురుతున్న ఒక పెద్దమనిషిని 'ఇంకో వారం ప్రాక్టీస్ చేసి రండి' అని వెనక్కి పంపారు. ఆయన ముఖం చూడలేకపోయాం. వీకెండ్లు, సొంత పెట్రోలు డబ్బులు పెట్టుకుని వచ్చేవాళ్లతో ఇంత కఠినంగా ఉండాలా? ఇదొకటి. ఎలా ప్రిపేర్ అవ్వాలి? ఇది రెండోది.

కల్వకుర్తి_కెప్టెన్:
ఎయిర్‌లైన్‌లో మాకు ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్‌లో పెట్టి చెమటలు పట్టిస్తారు తమ్మీ. టేకాఫ్‌లో ఒక ఇంజన్ పోవడం అయితే ఎప్పుడూ తప్పదు. మేం వారంలో నాలుగైదు రోజులు అదే సీట్లో కూర్చునేవాళ్లం. మరి నువ్వు నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నావు?

నకిరేకల్_టు_డాలస్:
మూడు, నాలుగు. వానలు పడితే అదీ లేదు. కానీ అన్నా, మీది ఉద్యోగం.

అచ్చంపేట_అడవి:
నేను పైలట్‌ని కాదు, ఇక్కడి ముచ్చట్లు చదవడం సరదా. ఒక్క మాట అడుగుతా. జీతం లేదని ఎదురుగాలి ఏమన్నా జాలి పడుతుందా?

కల్వకుర్తి_కెప్టెన్:
అడవి గారూ 😀 నేను పేరా రాద్దామనుకున్నా, మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు.

హాలియా_ఆడపడుచు:
నకిరేకల్ తమ్ముడూ, నేను కూడా అదే సంస్థలో, వేరే రాష్ట్రంలో చెక్ పైలట్‌ని. ముందు రెండో ప్రశ్నకు చెప్తా, మొదటిదాని మీద కొట్లాట ఎలాగూ నడుస్తుంది.

చాలామంది గాలిలో విన్యాసాలు ప్రాక్టీస్ చేసుకుని వస్తారు. నా దగ్గర మాత్రం ఎక్కువమంది ఎగరకముందు బల్ల దగ్గర అడిగే ప్రశ్నల్లోనే తడబడతారు. 182 అంటున్నావు కదా, నేను అడిగే ప్రశ్న ఇట్లా ఉంటుంది. ముగ్గురు ఎక్కారు, సామాను ఉంది, ఇంధనం పోయించారు, బరువు సరిగ్గా 3100 పౌండ్ల దగ్గర ఆగింది. 182టీకి టేకాఫ్ గరిష్ఠ పరిమితి అదే, కాబట్టి ఎగరొచ్చు. చక్రాలు లేచిన నిమిషానికి వెనక కూర్చున్నాయన 'డోర్ సరిగ్గా పడలేదు, గాలి కొడుతోంది' అన్నాడు. ఇప్పుడేం చేస్తావు?

పది మందిలో తొమ్మిది మంది 'ఒక చుట్టు తిరిగి దించేస్తా' అంటారు. సరే, దించే బరువు పరిమితి ఎంత? 2950. అంటే 150 పౌండ్లు ఎక్కువ ఉన్నావు. గ్యాలన్‌కు 6 పౌండ్ల లెక్కన 25 గ్యాలన్లు. గంటకు 13 గ్యాలన్లు తాగుతుందనుకుంటే ఆ బరువు దిగడానికి దాదాపు రెండు గంటలు. డోర్ చప్పుడు చేస్తున్నంత మాత్రాన విమానం పడిపోదు. మరి రెండు గంటలు తిరుగుతావా, ఎక్కువ బరువుతోనే మెల్లగా దించి మెకానిక్‌ని పిలిచి చూపిస్తావా, అసలు బయలుదేరే ముందే పది గ్యాలన్లు తక్కువ పోయించుకోవాల్సిందా? అదే డోర్ బదులు పొగ వస్తే ఏంటి? అప్పుడు 2950 అంకె గుర్తుకు రానక్కర్లేదు, వెంటనే దించెయ్. ఈ తేడా ఎందుకో నువ్వు నాకు మాటల్లో చెప్పగలిగితే నా సగం పని అయిపోయినట్టే. నాకు అంకె బట్టీ కొట్టి అప్పజెప్పేవాళ్లు అక్కర్లేదు.

ఇక 182 గురించి. ముక్కు బరువైన విమానం. 172 అలవాటుతో ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు పైకెత్తడం) సగంలో వదిలేస్తే ముందు చక్రం మీద పడుతుంది, అట్లా పడి ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక రేకు గోడ) ముడత పడ్డ 182లు బోలెడు. దాంతో అందరూ ట్రిమ్ (ముక్కును పైకో కిందికో పట్టి ఉంచే చక్రం) బాగా వెనక్కి తిప్పి దించుతారు, మంచిదే. కానీ ఆ ట్రిమ్‌తో ఉండగా నేను 'గో అరౌండ్', అంటే దించకుండా మళ్లీ పైకి లేపు అంటాను. ఫుల్ పవర్ పెట్టగానే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. చేత్తో గట్టిగా ముందుకు నెట్టాలి, ట్రిమ్ తిప్పాలి, ఫ్లాప్స్ 20కి తేవాలి, ఇవన్నీ వరసలో. మన చెయ్యి ఎంత గట్టిగా నెట్టాలో పుస్తకంలో రాయరు. మీ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తులో ఒకసారి, రన్‌వే మీద నాలుగుసార్లు చేసి రా.

నకిరేకల్_టు_డాలస్:
అక్కా, ఈ డోర్ ప్రశ్న నేనెక్కడా చదవలేదు. థ్యాంక్స్. స్టీప్ టర్న్స్‌కి మాత్రం టెన్షన్‌గా ఉంది. 45 డిగ్రీలు వంచి, ఎత్తు వంద అడుగులు దాటకుండా, వేగం పది నాట్లు దాటకుండా... నిజంగా వెతికే పనిలో 45 డిగ్రీల మలుపు ఎవరు తిప్పుతారు?

హాలియా_ఆడపడుచు:
ఎవరూ తిప్పరు. నేను చూసేది నీ కళ్లు ఎటు పోతున్నాయో. జీ1000 విమానంలో తలకాయ స్క్రీన్‌లోనే పాతిపెట్టి తిప్పేవాళ్లు ఎక్కువ. బయట దిగంతం అంత పెద్దగా కనపడుతుంటే ఆ పది అంగుళాల గాజులో వెతుక్కోవడమెందుకు?

సాగర్_స్ట్రిప్:
నాదీ ఒక డౌట్ మేడమ్. మాది మిర్యాలగూడ. మీది వాలంటీర్ సంస్థ, నాది మన డీజీసీఏ వాళ్ల ప్రైవేట్ పైలట్ లైసెన్స్ (పీపీఎల్) స్కిల్ టెస్ట్, కానీ టెన్షన్ ఒకటే. 40 గంటలు పూర్తవడానికి దగ్గరపడ్డాను. వైవాలో మాన్యువరింగ్ స్పీడ్ (కుదుపుల్లో విమానం విరగకుండా దాటకూడని వేగం) అడిగితే 105 నాట్లు అని చెప్పాను, 'ఎప్పుడూ అంతేనా' అని ఎదురు ప్రశ్న వేశారు. అక్కడ ఆగిపోయాను.

పాలమూరు_పెద్దాయన:
172ఎస్ అయి ఉంటుంది. 105 అనేది 2550 పౌండ్ల పూర్తి బరువుకు. 1900 పౌండ్లకు వచ్చేసరికి 90కి దిగుతుంది. బరువు తగ్గితే వేగం పెరగాలి కదా అనిపిస్తుంది, అందుకే పిల్లలు తప్పు చెప్తారు. తేలిక విమానాన్ని గాలి దెబ్బ ఎక్కువ ఊపుతుంది. రెక్క స్టాల్ అయి, అంటే ఎత్తే బలం కోల్పోయి, ఆ దెబ్బను వదిలేసుకోవాలంటే వేగం ఇంకా తక్కువ ఉండాలి. 2550 బరువులో 105 దగ్గర ఏమవుతుంది, 1900లో అదే 105 దగ్గర ఏమవుతుంది, ఒక కాగితం మీద గీసుకో బిడ్డా. ఇక మరిచిపోవు.

సాగర్_స్ట్రిప్:
సార్, మీరు బేగంపేటలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేశారని ఇక్కడ ఎవరో రాశారు. ఫోర్స్‌డ్ ల్యాండింగ్ (ఇంజన్ పోతే దొరికిన చోట దించడం) గురించి కూడా చెప్పండి. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో సెస్నా 152 కూలి సోలోలో ఉన్న ట్రైనీ చనిపోయింది కదా, అప్పటి నుంచి మా అమ్మ నేను ఎగిరే రోజున అన్నం ముట్టదు. పుస్తకంలో 'అనువైన మైదానం ఎంచుకోవాలి' అని ఉంటుంది. మన దగ్గర మైదానం ఎక్కడుంది?

పాలమూరు_పెద్దాయన:
మంచి ప్రశ్న. ఇది కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

నల్లగొండ జిల్లాని పైనుంచి చూస్తే రెండు జిల్లాల్లా ఉంటుంది. సాగర్ ఎడమ కాల్వ కింద, అంటే మీ మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు వైపు, అంతా వరి. దూరం నుంచి బిలియర్డ్స్ బల్లలా చదునుగా, పచ్చగా పిలుస్తుంది. నాట్లు పడ్డాక దాంట్లో దించావంటే ముందు చక్రం బురదలో దిగి విమానం తలకిందులవుతుంది. అదే వరి కోసి పది రోజులు ఎండితే ఆ మడే బంగారం. కాబట్టి ఏ నెలలో ఎగురుతున్నావో తెలియాలి. నవంబర్ చివర, మే నెల మొదట్లో ఒక రకం, ఆగస్టులో పూర్తిగా ఇంకో రకం. రంగు చూసి చెప్పాలి: ముదురు పచ్చ వద్దు, అద్దంలా మెరిస్తే అసలే వద్దు, ఎండుగడ్డి రంగు కావాలి. దిగేది గట్టు పొడవునా దిగాలి, గట్టుకు అడ్డంగా పోతే మొదటి గట్టు దగ్గరే విమానం చక్రాల కాళ్లు విరుగుతాయి.

దేవరకొండ, డిండి వైపు పోతే వేరే లోకం. నీళ్లు తక్కువ, నేల గట్టిది, మంచిదే కదా అనుకుంటావు. కానీ రాళ్లగుట్టలు. పత్తి చేను అక్టోబర్ నాటికి నడుం ఎత్తు ఉంటుంది. బత్తాయి తోట పైనుంచి చుక్కలు పెట్టినట్టు అందంగా ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఇక అన్నిటికంటే ముఖ్యం బోరు మోటార్లకు లాగిన కరెంటు తీగలు. ప్రతి రెండు చేన్లకూ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. తీగ ఎప్పుడూ కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. చెరువు నీళ్ల మీద అలలు, మడి కాల్చిన పొగ చూసి గాలి ఎటు ఉందో తెలుసుకో.

ఎగ్జామినర్ థ్రాటిల్ వెనక్కి లాగి 'ఇంజన్ పోయింది' అన్నాక ఇవన్నీ మొదలుపెడితే ఆలస్యం. 172ఎస్‌కు గ్లైడ్ వేగం (ఇంజన్ లేకుండా జారే వేగం) 68, ముందు అది పట్టాలి. చేను అప్పటికే నీ మనసులో ఉండాలి. నేను పిల్లలతో ఎగిరేటప్పుడు ఊరికే మాటల్లో పెట్టి మధ్యలో 'ఇప్పుడైతే ఎక్కడ?' అని అడిగేవాణ్ణి. వేలు పెట్టి చూపించాలి.

ఇంకోటి, ఎండాకాలం. వెయ్యి అడుగుల ఎత్తున్న స్ట్రిప్ మీద 43 డిగ్రీలు ఉంటే లెక్క వేసుకో. ప్రామాణిక లెక్కలో ఆ ఎత్తుకు ఉండాల్సింది 13. ముప్పై ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3600 కలుపు. మీ సెస్నా 4600 అడుగుల కొండ మీద నుంచి లేస్తున్నట్టే ప్రవర్తిస్తుంది. టెస్ట్‌కు పొద్దున్నే స్లాట్ అడుగు.

సాగర్_స్ట్రిప్:
సార్ ఇది ప్రింట్ తీసి గోడకు అంటిస్తున్నా.

అచ్చంపేట_అడవి:
పెద్దాయన గారి పోస్టు చదివితే నేను బస్సులో రోజూ చూసే పొలాలే కొత్తగా కనపడుతున్నాయి. నా డౌట్ వేరే. వైఎస్ గారి హెలికాప్టర్ 2009లో మా నల్లమలలోనే కదా తప్పిపోయింది. రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాం. వైమానిక దళం, ఇస్రో అందరూ దిగినా మర్నాడు దాకా దొరకలేదు. ఈ వాలంటీర్లు చిన్న విమానంలో పోయి అంత అడవిలో ఎట్లా వెతుకుతారు?

హాలియా_ఆడపడుచు:
మ్యాప్‌ని గళ్లుగా కోస్తాం. పదిహేను నిమిషాల గడి (ఇక్కడ నిమిషం అంటే అక్షాంశ, రేఖాంశ డిగ్రీలో అరవయ్యో వంతు), దాన్ని మళ్లీ నాలుగు ముక్కలు చేస్తే ఏడున్నర నిమిషాల గడి. ఉత్తర దక్షిణాలుగా ఏడున్నర నాటికల్ మైళ్లు. ఒక విమానానికి ఒక గడి. దాంట్లో నాగలి చాళ్లలా పక్కపక్కనే గీతలు గీసుకుంటూ పోవాలి, నేలకు వెయ్యి అడుగుల దగ్గర, 90 నాట్ల దగ్గర. చూసేది స్కానర్, అబ్జర్వర్ అనే ఇద్దరు మనుషులు. పైలట్ చూడడు, నడుపుతాడు. ఎత్తు ఊగినా, చాలు పక్కకు జరిగినా ఒక పట్టీ అంతా ఎవరూ చూడకుండా మిగిలిపోతుంది. ఆ పట్టీలోనే మనిషి ఉండొచ్చు. తమ్ముడు అడిగిన 'వంద అడుగులు ఎందుకు' అనేదానికి ఇదొక జవాబు.

పాలమూరు_పెద్దాయన:
ఆ ప్రమాదం గురించి ఎత్తారు కాబట్టి చెప్తా, చనిపోయినవాళ్ల మీద గౌరవంతోనే. సెప్టెంబర్ 2 పొద్దున బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన బెల్ 430 అది. దారి మన పాలమూరు జిల్లా మీదుగానే. దర్యాప్తు నివేదిక ఏం చెప్పిందంటే, తీవ్రమైన కిందిగాలిలో చిక్కుకుని అదుపు తప్పింది. దానికి ముందు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు సంబంధించిన ఒక సూచన గురించి సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా చెక్‌లిస్టులో వెతుకుతూ ఉండిపోయారు. ఆ క్షణానికి అది అంత అవసరమైన విషయం కాదు. వాతావరణం చూసి వెనక్కి తిరగాలన్న ఆలోచన చేయలేదు. ఇద్దరూ కొత్తవాళ్లేమీ కాదు.

ఇప్పుడు ప్రతి చెక్ పైలట్ ఏదో ఒక చిన్న లైటు వెలిగించి, స్క్రీన్ వెలుగు తగ్గించి, పెన్ను కింద పడేసి ఎందుకు ఆటపట్టిస్తాడో అర్థమైందా? నీ చూపు బయటి నుంచి ఎంతసేపు తప్పిపోతుందో చూస్తున్నాడు. ముందు విమానం నడపాలి, తర్వాత దారి, మాట్లాడ్డం ఆ తర్వాత.

కల్వకుర్తి_కెప్టెన్:
ఖమ్మంలో 2024 సెప్టెంబర్ 1న మున్నేరు వరద గుర్తుందా? ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకుంటే వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్ పోయి తీసుకొచ్చాడు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఆ రోజు సోషల్ మీడియాలో పైలట్ల మీద వచ్చిన తిట్లు చదివి బాధేసింది. 'రాను' అనడం కూడా పైలట్ పనే.

అచ్చంపేట_అడవి:
కెప్టెన్ గారూ, బ్రిడ్జి మీద మీ ఇంటివాళ్లు ఉంటే ఆ మాట అనగలరా?

కల్వకుర్తి_కెప్టెన్:
అనలేను. అందుకే ఆ నిర్ణయం ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టరు.

హాలియా_ఆడపడుచు:
మా దగ్గర ప్రతి ఫ్లైట్‌కి ముందు రిలీజ్ ఆఫీసర్ అని ఒకరు ఫోన్‌లో అడుగుతారు. వాతావరణం ఏంటి, రాత్రి నిద్రపోయావా, బరువు లెక్క వేశావా అని. ఆయన సరే అంటేనే తాళం తియ్యాలి. ఆయన కూడా వాలంటీరే. ఆయనతో విసుక్కునే పైలట్లు ఉన్నారు. వాళ్ల పేరు కనపడితే నేను ఆ చెక్ రైడ్‌కి అరగంట ఎక్కువ పెట్టుకుంటా.

నకిరేకల్_టు_డాలస్:
సరే, ప్రిపరేషన్ అర్థమైంది. నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆ పెద్దమనిషిని వెనక్కి పంపిన చెక్ పైలట్ ఆయనకు పాతికేళ్ల స్నేహితుడు. ఇద్దరి కుటుంబాలూ కలిసి పండగలు చేసుకుంటాయి. ఇప్పుడు మాటల్లేవు. ఇది సంస్థకు మంచిదా?

పాలమూరు_పెద్దాయన:
మంచిదే బిడ్డా. వాలంటీర్ సంస్థలో చెక్ పైలట్ కష్టం ఉద్యోగంలో ఉండదు. ఆదివారం ఇద్దరూ కలిసి హ్యాంగర్ ఊడుస్తారు, ఒకే డబ్బాలో పులిహోర తింటారు, సోమవారం 'నీ ల్యాండింగ్ బాగాలేదు' అనాలి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకు సామెత ఉంది, ఆడపిల్లలు చదువుతున్నారు కాబట్టి పూర్తిగా రాయను.

హాలియా_ఆడపడుచు:
రాయండి సార్, మా నాయనమ్మ రోజుకోసారి అనేది 😀

కల్వకుర్తి_కెప్టెన్:
నాది కొంచెం వేరే అభిప్రాయం. వెనక్కి పంపడంలో తప్పు లేదు, పంపిన తీరు ఎలా ఉందో మనకు తెలియదు. మాకు చెక్‌లో ఒక అంశం సరిగ్గా రాకపోతే ట్రైనింగ్ ఇచ్చి మళ్లీ చూస్తారు. కాగితం మీద అంతా ఉంటుంది, నెలాఖరుకు జీతం వస్తుంది, అవమానం అనిపించదు. వాలంటీర్‌కి దక్కేది గౌరవం ఒక్కటే. దాన్నే నలుగురిలో తీసేస్తే మనిషి విరిగిపోతాడు. హ్యాంగర్‌లో అందరి ముందు చెప్పాడా, కార్లో కూర్చోబెట్టి చెప్పాడా? నాకు అది ముఖ్యం.

హాలియా_ఆడపడుచు:
కెప్టెన్ గారితో సగం ఒప్పుకుంటా. చెప్పేది ఒంటరిగానే చెప్పాలి. కానీ ఎంత మెత్తగా చెప్పినా 'వద్దు' అంటే వద్దే. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది: ఒకే మనిషికి వరసగా రెండేళ్లు నేను చెక్ చేయను, దగ్గరి స్నేహితులకు అసలు చేయను, పక్క స్క్వాడ్రన్‌కి పంపుతా. గంటన్నర డ్రైవ్ చేయాలని గొణుగుతారు. గొణగనీ. తమ్ముడి స్క్వాడ్రన్‌లో జరిగినదానికి కూడా నా ఉద్దేశంలో తప్పు వెనక్కి పంపడంలో లేదు, ఆ స్నేహితుడినే చెక్‌కి కూర్చోబెట్టడంలో ఉంది.

నకిరేకల్_టు_డాలస్:
ఈ కోణం నాకు తట్టలేదు అక్కా. నేను ఇంకో స్క్వాడ్రన్ చెక్ పైలట్‌ని అడుగుతా. దూరమైనా సరే.

హాలియా_ఆడపడుచు:
అడుగు. అడిగేటప్పుడు నీ లాగ్‌బుక్‌లో బలహీనంగా ఉన్నది ముందే చెప్పు, క్రాస్‌విండ్ అయితే క్రాస్‌విండ్. మంచి చెక్ పైలట్ అక్కడే ఎక్కువసేపు నేర్పిస్తాడు. 200 గంటల పైలట్ ఇన్ కమాండ్ (విమానం బాధ్యత నీదేగా నడిపిన గంటలు) పూర్తయ్యాక మిషన్ పైలట్‌కి ఎలాగూ ఫారం 91 అనే ఇంకో చెక్ ఉంటుంది, అది వెతికే పని మీదే, అప్పుడు మళ్లీ ఇక్కడికి రా.

నకిరేకల్_టు_డాలస్:
తప్పకుండా. ఇవాళ 182 మాన్యువల్‌లో రెండో చాప్టర్ మొదలుపెట్టా. 2950 అక్కడే ఉంది.

సాగర్_స్ట్రిప్:
సార్, మేడమ్, ఇదే థ్రెడ్‌లో ఆర్‌టీఆర్ (విమాన రేడియో వాడే లైసెన్స్) పరీక్ష గురించి కూడా అడగొచ్చా? దాంట్లో మేడే కాల్ (ఆపదలో ఉన్నామని రేడియోలో చెప్పడం) ఇచ్చేటప్పుడు నాకు నత్తి వస్తోంది.

మోడరేటర్:
ఆర్‌టీఆర్‌కి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ పోస్ట్ చేయండి. నత్తి గురించి మొహమాటపడకండి, అక్కడ సగం మందికి అదే సమస్య.